పెర్రో... గొర్రె... మా అమ్మ ఎనుము

“అవ్వా, అదిగో బఫెలో!”

“మేము ఎనుము అంటాం తల్లీ. మీరేమంటారో మీ అమ్మనడుగు.”

కిందటేడు దసరా సెలవులకు బేతంచెర్ల వెళ్లినప్పుడు మా ఇంటి గుమ్మంలో విన్న మాటలివి. మొదటిది ఎనిమిదేళ్ల మా పాపది. రెండోది మా అమ్మది. పైకి మామూలు మాటలే. కానీ ‘మీ అమ్మనడుగు’ అన్నది మాత్రం నాకు ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే మా అమ్మ అలా మాట తప్పించడం నేర్చుకుంది నా వల్లే!

మాది నాపరాళ్ల ఊరు. మీ ఇంట్లో కాళ్లకింద చల్లగా, నున్నగా బూడిదరంగు బండలుంటే అవి మా బేతంచెర్ల నుంచే వచ్చి ఉండొచ్చు. నాన్న పాలిష్ ఫ్యాక్టరీలో రాళ్లు కోస్తే, అమ్మ రెండు ఎనుముల్నీ పది పన్నెండు జీవాల్నీ మేపుతూ మా ఇద్దరు అక్కచెల్లెళ్లనీ పెంచింది. నా జర్నలిజం డిప్లొమాకు ఫీజు కట్టింది కూడా ఓ పడ్డను అమ్మిన డబ్బుతోనే. పడ్డ అంటే ఇంకా ఈనని వయసు ఎనుము.

ఆ డిప్లొమాతో డెస్కులో చేరాక నేను నేర్చుకున్న మొదటి పాఠం... అన్ని జిల్లాల వాళ్లకూ అర్థమయ్యేలా రాయాలని. అందులో తప్పేమీ లేదు. నేనే దాన్ని మరీ గట్టిగా పట్టుకున్నాను. సీమ నుంచి వచ్చిన వార్తలో ‘ఎనుము’ కనిపిస్తే కొట్టేసి ‘గేదె’ అని దిద్దేదాన్ని. ‘జీవాలు’ అని ఉంటే ‘గొర్రెలు, మేకలు’ అని మార్చేదాన్ని. ఆ మాటలతోనే పెరిగానన్న సంగతి ఎర్రసిరా పెన్ను పట్టుకున్నప్పుడు గుర్తొచ్చేది కాదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఓసారి తోటి విలేకరులు మా ఊరొచ్చారు. అమ్మ వాళ్లకు కాఫీ ఇస్తూ “ఎనుముపాలు నాయనా, చిక్కగా ఉంటాయి” అంది. నేను నవ్వేసి, “ఎనుము కాదమ్మా, గేదె అనాలి” అన్నాను. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. ఆ తర్వాత పాపకు మాటలొస్తున్న రోజుల్లో, “అమ్మా, దాని ముందు మన ఊరి మాటలు వాడొద్దు. స్కూల్లో పిల్లలు ఎగతాళి చేస్తారు” అని కూడా చెప్పాను. అమ్మ ‘సరే’ అంది. అంతే! అప్పట్నుంచి మనవరాలితో ఆచితూచి మాట్లాడటం మొదలుపెట్టింది. ఫోన్ చేస్తే “బాగుండావా తల్లీ? తిన్నావా?” అని రెండే ప్రశ్నలు. తర్వాత ఫోన్ నా చేతికొచ్చేసేది. పాపకూ అవ్వతో ఏం మాట్లాడాలో తెలిసేది కాదు.

మోకాళ్ల నొప్పులు ఎక్కువై రెండేళ్లకిందట అమ్మ పశువుల్ని అమ్మేసింది. పాప చూసి అరిచిన ఎనుము ఎదురింటివాళ్లది. మా కొట్టం ఖాళీ.

స్పెయిన్ నుంచి ఉత్తరం

ఆ సెలవులకే మా అక్క కూతురు కూడా వచ్చింది. అక్కను అనంతపురం జిల్లాలోని ఓ పల్లెకు ఇచ్చారు. అక్కడివాళ్లకు స్పెయిన్ మరీ తెలియని దేశమేం కాదు. బార్సెలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ క్రైస్తవ మిషనరీగా 1952లో మనదేశానికి వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతులతో బావులు తవ్వించారు. అక్కడ వ్యతిరేకత వచ్చి 1968లో దేశం విడిచి వెళ్లాల్సివచ్చినా, మరుసటేడే తిరిగొచ్చి కరవు జిల్లా అనంతపురాన్ని ఎంచుకున్నారు. 2009 జూన్‌లో కన్నుమూసేదాకా అక్కడే ఉండిపోయారు. ఆయన ఆర్డీటీ సంస్థ ద్వారా వేలాది పల్లె పిల్లల చదువుకు స్పెయిన్‌లోని కుటుంబాలు దాతలుగా నిలిచాయి. ఆ పిల్లల్లో మా అక్క కూతురూ ఒకతి.

చిన్నప్పుడు అది దాతలకు ఉత్తరం రాసేది. తెలుగులో రాస్తే సంస్థవాళ్లు స్పానిష్‌లోకి మార్చి పంపేవాళ్లు. ఏం రాయాలో తోచక ఇంట్లో ఉన్న కోడినీ మేకనూ బొమ్మలు గీసి పంపేదట. జవాబులో వాళ్లు ఆ బొమ్మల కింద పేర్లు రాసి పంపేవాళ్లట... గయీనా, కాబ్రా అంటూ. కోడి, మేక! “నాకు వచ్చిన మొదటి స్పానిష్ మాటలు ఇవే చిన్నమ్మా” అంటుంది. డిగ్రీ అయ్యాక అనంతపురంలోనే స్పానిష్ నేర్చుకుంది. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. ఎక్కడో మెక్సికోలో ఉన్నవాళ్లతో రోజూ ఫోన్లో మాట్లాడుతుంది.

పాప దాన్ని వదల్లేదు. “అక్కా, నాకూ స్పానిష్ నేర్పు” అంటూ కొంగు పట్టుకుంది. “ఉత్తరాల్లో నేను నేర్చుకున్నట్టే నేర్పుతా. జంతువుల పేర్లతో మొదలుపెడదాం” అంది అక్క కూతురు. పలకలెందుకు? ఇంటినిండా బేతంచెర్ల బండలే కదా! సుద్దముక్కతో నేలమీద బొమ్మ గీయడం, పక్కన పేరు రాయడం. అలా మొదలైంది మా ఇంట్లో స్పానిష్ బడి.

బుర్ర ఉన్న గాడిద

మొదటి పాఠం కుక్క. “పెర్రో!” అంది పంతులమ్మ. “ర మీద నాలుక ఆడించాలి. తేలిగ్గా అంటే ‘పెరో’ అవుతుంది. పెరో అంటే ‘కానీ’ అని అర్థం. కుక్కను పిలవబోయి ‘కానీ, కానీ’ అన్నట్టుంటుంది.”

పాప నోట ఎన్నిసార్లన్నా ‘పెరో’ అనే వచ్చింది. నేనూ అంతే. గుమ్మం దగ్గర చిక్కుడుకాయలు తుంచుతున్న అమ్మ మావైపు చూడకుండానే “పెర్రో” అంది. గట్టిగా, గరగరలాడుతూ!

అందరం అటు తిరిగాం.

“అదేముండాదే! గొర్రె, బర్రె, గుర్రం... మన మాటలే కదా” అంది అమ్మ. ఆ తర్వాత జీవాల్ని మందలోకి మళ్లించేటప్పుడు చేసే శబ్దం ఒకటి చేసి చూపింది. నాలుక అంగిటికి తగిలి ‘ట్ర్‌ర్‌ర్’ అంటూ మోగింది. “ఆ ర కోసం మా క్లాసులో కొందరు నెలరోజులు కష్టపడ్డారవ్వా!” అంది అక్క కూతురు. నలభై ఏళ్లు జీవాల వెంట తిరిగిన మనిషికి అది పుట్టినమాటంత సులువు.

ఇక చిక్కుడుకాయలు పక్కకు వెళ్లాయి. అమ్మ కూడా వచ్చి నేలమీద కూచుంది.

గాడిద పేరు ‘బుర్రో’ అనగానే అమ్మ పడీపడీ నవ్వింది. “బుర్ర ఉంటే గాడ్దెందుకైతాది మే!” నక్క ‘సొర్రో’. ఈ పేరుతోనే ముసుగేసుకుని కత్తి తిప్పే సినిమా వీరుడున్నాడని పాపకు తెలుసు. “అయితే అతని పేరు నక్కా?” అని కాసేపు నమ్మలేదు. పిల్లి ‘గాతో’, బాతు ‘పాతో’. మన కోడి కొక్కొరొకో అంటే వాళ్ల కోడి ‘కికిరికీ’ అంటుంది. మన కుక్క భౌ భౌ అంటే వాళ్ల కుక్క ‘గ్వావ్ గ్వావ్’! ‘కోమో సే యామా?’ అంటే ‘పేరేమిటి?’ అని. ‘యామా’ అని దక్షిణ అమెరికా కొండల్లో ఓ జంతువు కూడా ఉంది... ఒంటె కుటుంబానిదే, మూపురం ఉండదు. దాన్ని పట్టుకుని నీ పేరేమిటని అడిగితే, ప్రశ్నలోనే జవాబున్నట్టే!

ముళ్లపంది దగ్గర అమ్మ ఆశ్చర్యపోయింది. స్పానిష్‌లో దాన్ని ‘ప్వెర్కోఎస్పీన్’ అంటారు. ప్వెర్కో అంటే పంది. ఎస్పీన్‌లో ఉన్నది ముల్లు. “వాళ్లూ మనమూ ఒకటే తీరుగా చూసినామే!” అంది. సముద్రాల అవతల మనుషులు కూడా ఓ జంతువును చూసి మనకు తోచిందే అనుకున్నారని తెలిస్తే ఎంత బాగుంటుందో, ఆ క్షణం అమ్మ ముఖం చూస్తే తెలిసింది.

ఎద్దు వేరు, ఆంబోతు వేరు

తర్వాత ఆవు. ‘వాకా’ అని రాసి, పక్కన ‘తోరో’ అని రాసింది అక్క కూతురు. “తోరో అంటే ఎద్దు” అన్నాను నేను, తెలిసినట్టు.

“ఎద్దా, ఆంబోతా?” అని అడిగింది అమ్మ.

నేను బిక్కమొహం వేశాను. పాప అయితే “రెండూ బుల్లే కదా?” అనేసింది. అక్క కూతురు మాత్రం “అవ్వే కరెక్టు. తోరో అంటే ఆంబోతు. ఎద్దుకు వేరే మాటుంది... బ్వెయ్” అంది. అమ్మ ఇక ఆగలేదు. లేగదూడనేమంటారు? తెర్నేరో. పెయ్యను? నొవీయా. కోడెను? నొవీయో. గొర్రె? ఒవేహా. పొట్టేలు? కర్నేరో. గొర్రెపిల్ల? కొర్దేరో. అమ్మ అడిగే ప్రతిదానికీ అక్కడ ఓ మాట ఉంది. పత్రికల్లో పుష్కరకాలంగా రాస్తున్న నేను మాత్రం వీటిలో సగం మాటలు ఎన్నేళ్లుగా వాడలేదో లెక్కేసుకుంటూ కూచున్నాను.

ఆశ్చర్యం ఎందుకంటే, స్పెయిన్ కూడా ఒకప్పుడు కాపరుల దేశమే. మెరీనో ఉన్ని గొర్రెలకు పేరుపడిన నేల. గొర్రెల యజమానులకు 1273లోనే రాజు గుర్తించిన ‘మెస్తా’ అనే సంఘం ఉండేది. చలికాలం వస్తోందంటే మందల్ని దక్షిణాదికి, ఎండాకాలం వస్తే కొండల మీదికి తోలుకుపోయేవాళ్లు. ఆ దారులు కొన్ని ఇప్పటి మాడ్రిడ్ నగరం మధ్యనుంచే పోతాయి. ఆ హక్కు మరిచిపోకుండా 1994 నుంచి అక్కడ మందల పండగ చేస్తున్నారు. నగరం నడివీధుల్లోంచి వందల గొర్రెలు నడిచిపోతాయి. 1418 నాటి ఒప్పందం ప్రకారం వెయ్యి గొర్రెలకు 50 మరవేదీల చొప్పున, పాత నాణేలతో సుంకం కూడా చెల్లిస్తారు!

ఆ వీడియోను అక్క కూతురు ఫోన్లో చూపిస్తే అమ్మ కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. అద్దాల మేడలు, మధ్యలో తెల్లటి మంద, ముందు కర్ర పట్టుకున్న కాపరి. “కరువొస్తే మన మందలు అడివికి పోయినట్లే పోతాండాయి. వీళ్లకు చప్పట్లు కొడతాండారే!” అంది. ఆ మాటలో మెప్పుందో, దిగులుందో నాకు అర్థం కాలేదు.

“మరి ఎనుము?” అని తనే అడిగింది. ‘బూఫలో’, ఆడదైతే ‘బూఫలా’. “అంతేనా? పడ్డ? దున్నపోతు?” అంతే! స్పెయిన్ పల్లెల్లో ఆవులూ గొర్రెలూ ఉన్నంతగా ఎనుములు లేవు. అందుకని దాని వయసుకో మాట, వాటానికో మాట వాళ్లకు పుట్టలేదు. గుర్రం దగ్గర లెక్క తిరగబడింది. వాళ్లకు గుర్రం ‘కబాయో’, ఆడగుర్రం ‘యెగ్వా’, పిల్ల ‘పోత్రో’. మా ఇంట్లో వాటికి ఆడగుర్రం, గుర్రపుపిల్ల అన్నవే ఉన్నాయి. మనిషి ఏ జంతువుతో కలిసి బతికితే దానికి పేర్లు పెరుగుతాయి. బతకడం మానేస్తే తరుగుతాయి. మా ఖాళీ కొట్టం వైపు చూస్తే ఆ సంగతి ఎవరూ వివరించక్కర్లేకపోయింది.

మన మాటలూ వెళ్లాయి

“అన్నీ వాళ్లవే చెబుతాండావు. మన మాట ఒకటైనా వాళ్ల కాడ ఉండాదా?” అడిగింది అమ్మ.

ఉంది! ఆస్ట్రేలియాలో పొడుగుమూతి సంచిజంతువు ఒకటుంది. స్పానిష్‌లో దాని పేరు ‘బందికూత్’. ఇంగ్లిషు బ్యాండికూట్ నుంచి వెళ్లింది. ఆ ఇంగ్లిషు మాట ఎక్కడిదనుకున్నారు? మన పందికొక్కుదే! తెల్లదొరలు తెలుగునేల మీద విని పట్టుకెళ్లిన మాట అది. ఇంకోటి ‘నెలోరే’. ఒంగోలు జాతి పశువులు పంతొమ్మిదో శతాబ్దంలోనే ఓడలెక్కి బ్రెజిల్ చేరాయి. 1904 దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అలా ఊరి పేరు కాకుండా జిల్లా పేరు స్థిరపడింది. బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే పశువుల్లో ఎక్కువ భాగం ఇప్పుడు ఈ రకమే. పక్కనున్న స్పానిష్ దేశాలు బొలీవియా, పరాగ్వేల రైతులకూ ఆ పేరు తెలుసు. “మన పందికొక్కు అంత దూరం పాయెనా!” అని అమ్మ ఆ రోజంతా దారినపోయే వాళ్లందరికీ చెప్పింది.

నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది మాత్రం ఇంకో విషయం. అమెరికా ఖండాలకు వెళ్లిన స్పెయిన్‌వాళ్లు అక్కడ కనిపించిన కొత్త జంతువులన్నిటికీ సొంత పేర్లు పెట్టుకోలేదు. చాలావాటికి అక్కడి మనుషులు పిలిచే పేర్లే తీసుకున్నారు. యామా, పూమా, కాండోర్... ఇవి ఆండీస్ కొండల కెచువా భాషవి. కొయోతే మెక్సికోలోని నావాట్ల్ భాషది. గెలిచి, దోచి, రాజ్యమేలిన వాళ్లు కూడా జంతువుల పేర్ల దగ్గర స్థానికుల మాట విన్నారు. నేనేమో మా అమ్మ మాటను మా అమ్మ ముందే కొట్టేశాను!

ఎముక మిగిలింది, పేరు పోయింది

మర్నాడు అందరం ఆటోలో బిల్లసర్గం గుహలకు వెళ్లాం. మా ఊరికి నాలుగైదు కిలోమీటర్లు. గబ్బిలాల వాసన ముక్కుకు తగలగానే పంతులమ్మ పాఠం అందుకుంది. “మూర్సియెలగో! ఈ ఒక్క మాటలో స్పానిష్ అచ్చులు ఐదూ ఉన్నాయి. అసలర్థం గుడ్డి ఎలుక.” పాప ఆ మాటను గుహలోకి అరిచి, తిరిగొచ్చిన ప్రతిధ్వని విని గంతులేసింది.

ఈ గుహల గురించి 1844లోనే న్యూబోల్డ్ అనే సైనికాధికారి రాశాడు. తర్వాత 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు ఇక్కడ తవ్వి సంచులకొద్దీ ఎముకలు బయటికి తీశారు. వాటిని పరిశీలించిన రిచర్డ్ లిడెకర్ 1886లో జాబితా ప్రకటించాడు. అందులో ముళ్లపంది ఉంది. ఖడ్గమృగం కూడా ఉంది. దానికి ‘కర్నూలియెన్సిస్’ అని మన కర్నూలు పేరే పెట్టాడు. 2014లో మరో పరిశోధన బృందం ఇక్కడి ఎముకల్ని పొరలవారీగా లెక్కగట్టింది. గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 రకాలు కనీసం లక్ష ఏళ్లుగా నేటివరకూ ఉపఖండంలో కొనసాగుతూనే ఉన్నాయని తేల్చింది.

ఇవన్నీ నేను ఇదివరకు రాసినవే. ఈసారి గుహలో నిలబడితే వేరే ఆలోచన వచ్చింది. ఆ ఖడ్గమృగాన్ని చూసిన మనుషులూ ఈ చుట్టుపక్కల తిరిగే ఉంటారు. దాన్ని ఏదో ఒక పేరుతో పిలిచే ఉంటారు. ‘అదిగో, వస్తోంది’ అని పిల్లల్ని హెచ్చరించే ఉంటారు. ఎముక మిగిలింది. పేరు మిగల్లేదు. జంతువులు లక్ష ఏళ్లు తట్టుకుంటాయి. పేరు మాత్రం ఓ అవ్వ నోరు మూసుకుంటే చాలు, ఒక్క తరంలో పోతుంది.

బయటికొచ్చేసరికి మెట్లు దిగలేక చెట్టుకింద ఆగిపోయిన అమ్మ ఒక్కతే కూచుని ఉంది. పక్కన కూచుని, “అమ్మా, ఆ రోజు ఎనుము కాదు గేదె అన్నాను చూడు... తప్పయింది” అన్నాను.

“అబ్బా, యాడిదో మాట! నేనెప్పుడో మర్సిపోతి” అంది. మరిచిపోలేదని నాకు తెలుసు. కాసేపాగి, “నాకు తెలీక కాదు మే. పాపకు తప్పు నేర్పుతానేమోనని భయం” అంది. ఆ భయం నేను పెట్టిందే.

మూడు గడుల నోటుబుక్కు

మేం హైదరాబాద్ బయల్దేరేలోగా పాప ఓ నోటుబుక్కు తయారుచేసింది. పేజీకి మూడు గడులు. ఒకదాంట్లో స్పానిష్, ఒకదాంట్లో పుస్తకం తెలుగు, మూడోదాంట్లో ‘అవ్వ మాట’. బూఫలా - గేదె - ఎనుము. చివరి గడి నింపడానికి ఆదివారం ఆదివారం అవ్వకు ఫోన్ చేస్తోంది. ఇప్పుడు వాళ్ల మాటలు రెండు ప్రశ్నలతో ఆగడం లేదు. అరగంట తర్వాత నేనే లాక్కోవాల్సి వస్తోంది. మధ్యలో అమ్మ కూడా అడుగుతుంది, “గొర్రెపిల్లను ఏమంటిరి మే? మళ్లా మర్సిపోయినా” అని. “కొర్దేరో అవ్వా!” పరీక్షలో ముందుబెంచీ పిల్లలా గర్వం, ఇవతలివైపు.

మూడు గడులూ ఉండాల్సిందే. శ్రీకాకుళం పాఠకుడికి అర్థంకాని మాట కర్నూలు వార్తలో పెడితే అదీ తప్పే. స్కూల్లో ‘గేదె’ రాయాలి, పాప రాస్తుంది. నేను చేసిన పొరపాటల్లా, ఓ గడి నింపాలంటే ఇంకోటి చెరపాలనుకోవడం. ఈమధ్య మా ప్రాంతం నుంచి ఓ వార్త వచ్చింది... కరవుకు ఎనుముల్ని సంతకు తోలుతున్న రైతు గురించి. అలవాటుగా చెయ్యి దిద్దుబాటుకు వెళ్లింది. ఆగి, రైతు మాట్లాడిన వాక్యంలో ‘ఎనుము’ ఉంచేశాను. పై వాక్యంలో గేదె అని ఉంది కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. చిన్న పనే. కానీ అచ్చయిన పేపర్ ఊరికి చేరాక, చూపు మందగించిన అమ్మకు ఎదురింటి అబ్బాయి ఆ వార్త చదివి వినిపించాడట.

“మన మాట పేపర్లో ఏసినారంట కదా!” అని ఫోన్ చేసింది.

ఈసారి సెలవులకు మీరూ ఊరెళ్తారుగా! పిల్లల సంచిలో ఓ నోటుబుక్కు పెట్టండి. స్పానిష్ గడి లేకపోయినా ఫర్వాలేదు. మూడో గడి మాత్రం మర్చిపోకండి.